వెనక కొట్టంలో ఆఫీసు

మూడేళ్లపాటు శంషాబాద్ విమానాశ్రయాన్ని నేనే నడిపాను. పొద్దున ఎనిమిదింటికి నేను కుర్చీలో కూర్చుంటే తప్ప ఢిల్లీ నుంచి దిగినవాడు ఇల్లు చేరేవాడు కాదు. నాకు జ్వరం వస్తే దుబాయ్ విమానం దిగడానికి జంకేది. మా చుట్టాల్లో ఈ మాట నమ్మినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిపందిట్లో నన్ను దూరం నుంచి చూపించి "విమానాలు చూసుకునే పెద్దాయన" అని చెప్పుకుంటారు. నేను మీసం తుడుచుకుంటాను.

నేను చూసుకున్నవి పదకొండు కార్లు. అందులో రెండు ఎప్పుడూ మెకానిక్ దగ్గరే ఉండేవి.

అంతకుముందు ముప్ఫై ఏళ్లు బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేశాను. ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది రాసుకోవడం, డ్రైవర్ దిగేటప్పుడు టైము వేసి సంతకం చేయించుకోవడం, మైకులో కేక వేయడం నా పని. ఊరి పక్కన విమానాశ్రయం తెరిచిన ఏడే నేను రిటైరయ్యాను. ఆ తర్వాత రెండేళ్లు ఇంట్లో కూర్చుని మా ఇంటావిడ వంటకు టైము టేబులు వేశాను. కుక్కర్ ఎక్కాల్సిన టైము, దిగాల్సిన టైము కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఆమె ఆ కాగితంతో పొయ్యి మీది గిన్నె దించింది.

అప్పుడు వచ్చాడు కార్ల ఓనరు. మా బస్టాండులో కండక్టరుగా చేసినవాడి కొడుకు. చిన్నప్పటి నుంచి నన్ను బాపు అనే పిలుస్తాడు.

"బాపు, డ్రైవర్లు నా మాట వింటలేరు. నువ్వు మైకుల ఒక్క కేక వేస్తే నలభై బస్సులు లైన్ల నిలబడేటివి. ఇంట్లనే కూసొని ఫోన్ ఎత్తు. ఏ విమానం ఎప్పుడు దిగుతదో కంప్యూటర్ల కనబడ్తది. ఏ బండి ఏడుందో డ్రైవర్‌ను అడుగు, పంపియ్యి. గంతే."

"మరి ఆఫీసుకు రావద్దా?"

"ఇల్లే ఆఫీసు బాపు. ఇప్పుడంత గిట్లనే నడుస్తుంది."

మా ఇంటావిడ చాయ్ గ్లాసు అతని చేతిలో పెడుతూ, "ఇల్లే ఆఫీసయితే, ఇగ ఇల్లేడుంటది బిడ్డా?" అంది.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె అడిగింది నవ్వులాటకు కాదని తెలియడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

కంప్యూటరు ముందరింట్లో పెట్టాం, టీవీ ఉండే బల్ల మీద. చెవులకు హెడ్‌ఫోను, ముందు రిజిస్టరు. రెండో వారమే కూరగాయల గంప వాకిట్లోకి వచ్చింది. మా ఇంటావిడ నా కుర్చీ వెనకే నిలబడి బేరం మొదలుపెట్టింది. అటు ఫోన్లో కోస్తా వైపు నుంచి వచ్చిన ఒకావిడ.

"పాలకూర గింత వాడిపోయిందేందమ్మా, నిన్నటిదా?" అని వెనక నుంచి మా ఆవిడ.

"పొద్దుగాల్ల కోసింది అక్కా, ఎండకు తల వేలేసింది," అని గంపామె.

"ఇగో, నువ్వు చెప్పు, రెండు కట్టలు తీసుకోన్నా, మూడా?" అని మా ఆవిడ నా భుజం తట్టింది.

"రెండు చాలు," అన్నాను.

ఫోన్లో ఆవిడ ఎంతో మర్యాదగా, "అయ్యా, మేం ఐదుగురం ఉన్నామండీ. రెండు సీట్లెలా చాలతాయి? ఒక్క పెద్ద కారు పంపితే బాగుంటుందండీ. పాలకూర సంగతి తర్వాత చూసుకోండి," అంది.

ఇల్లు ఇలా ఆఫీసులోకి వస్తే, ఆఫీసు ఇంట్లోకి అంతకంటే ఎక్కువ వచ్చింది. "అన్నం పెట్టన్నా?" అని ఆమె అడిగితే, "ఎంతమంది? లగేజీ ఎంత?" అన్నానట. నాకు గుర్తు లేదు. మైలార్‌దేవ్‌పల్లిలో ఉండే మా బిడ్డ ఒక ఆదివారం వచ్చి, తిని, చీర ఆరబెట్టుకుని, తిరిగి పోయింది. సాయంత్రం "బిడ్డ ఎప్పుడొస్తనన్నది?" అని నేను అడిగాను.

ఆ మర్నాడు మా ఇంటావిడ కంప్యూటరు వైరు పీకింది.

"నువ్వు ఇంట్ల లేవు, ఆఫీసుల లేవు. మధ్యల గడప మీద నిలబడ్డవ్. గడప మీద నిలబడితే ఇంటికి మంచిది గాదు. కొట్టం ఖాళీగనే ఉంది గదా. ఆడికి పో."

కొట్టం అంటే మా ఇంటి వెనక బర్రెలు కట్టేసే రేకుల షెడ్డు. బర్రెలను అమ్మేసి అప్పటికి రెండేళ్లయింది. సున్నం వేయించాం, బల్ల వేశాం, నడుము నొప్పికని ఒక నులక మంచం వేశాం. వానొస్తే మాత్రం బర్రెలు అమ్ముడుపోలేదేమో అన్నంత వాసన వచ్చేది. పై నుంచి విమానం పోతే రేకులు గజగజమనేవి. అవతల ఫోన్లో ఉన్నవాళ్లు "అబ్బో, మీరు రన్‌వే పక్కనే ఉన్నట్టున్నారే" అనేవారు. నేను కాదనలేదు.

పద్ధతి అంతా ఆమె పెట్టిందే. పొద్దున ఏడూ నలభైకి ఖాకీ చొక్కా వేసుకోవాలి. టిఫిన్ డబ్బా ఆమె చేతికిస్తుంది. పెరటి తలుపు నుంచి కొట్టానికి పద్నాలుగు అడుగులు. కానీ అటు నుంచి పోవడానికి వీల్లేదు. ముందటి గేటు తీసుకుని, గల్లీలోంచి చుట్టూ తిరిగి, వెనక దడి తీసుకుని పోవాలి.

"గీ పద్నాలుగు అడుగులకు ఊరంత తిరగాల్నా?" అన్నాను.

"పోయినట్టుండాలె, వచ్చినట్టుండాలె. నువ్వు పోయినవని నాకు తెల్వాలె, నీకూ తెల్వాలె."

గల్లీలో పక్కింటి ముసలాయన అరుగు మీద పళ్లు తోముకుంటూ, "కంట్రోలర్ సాబ్, బస్సు దొరికిందా?" అని రోజూ అడిగేవాడు.

"సీటు కూడ దొరికింది," అనేవాణ్ని.

నవ్వులాటగానే ఉన్నా, పద్ధతి పనిచేసింది. చొక్కా మీద ఉన్నంతసేపూ నా నోట్లో తుక్కుగూడ, పహాడీ షరీఫ్, టోల్‌గేటు తప్ప వేరే మాట లేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే అన్నంలోకి చారు ఎంత పోసుకున్నానో తెలిసేది. రెండు నెలలు ఇంట్లో ఎవరమూ ఎవరి మీదా కేకలు వేయలేదు.

తర్వాత నేను ఆ పద్ధతిని చెడగొట్టాను. ఎలాగంటే, మరీ గట్టిగా పాటించి.

ముందు దడికి ఒక బోర్డు కట్టాను. "అనుమతి లేనిదే లోపలికి రారాదు." కొట్టంలో ఉండగా ఇంటి నుంచి పిలిస్తే పలకనని చెప్పాను. బస్టాండులో ముప్ఫై ఏళ్లు ఒక్కనాడూ ఇంటి పనికి కుర్చీ దిగలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు దిగాలి? నా సొంత సెల్‌ఫోను ముందరింటి గూట్లో పెట్టి పోతానన్నాను. ఆమె అన్నిటికీ సరేనంది. పెద్ద ఉద్యోగం అనుకుంది పాపం. అనుకునేలా నేనే చెప్పాను. ఒక్క నిమిషం కుర్చీ దిగితే నలుగురికి విమానం తప్పిపోతుందని, ఓనరు ఉద్యోగం పీకేస్తాడని చెప్పాను.

బోర్డుతో నాకు మస్తు సుఖం దొరికింది. ములక్కాడలు కోయడం తప్పింది. నల్లా వచ్చినప్పుడు మోటరు వేయడం తప్పింది. మా వియ్యపురాలు వచ్చి మోకాళ్ల నొప్పులు చెబుతుంటే వినడం తప్పింది.

ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. నా డ్యూటీ ఎనిమిది నుంచి రెండు దాకానే. రెండు కొట్టగానే ఫోన్లన్నీ ఓనరు దగ్గరికి మళ్లేవి. నేను ఇంట్లో మాత్రం ఐదు దాకా అని చెప్పాను. సాయంత్రం విమానాలు ఎక్కువ, నేను లేకపోతే అతనికి చేతకాదు అన్నాను. రెండు నుంచి ఐదు దాకా కొట్టంలో ఏం చేసేవాణ్నంటే, పల్లీలు తినేవాణ్ని. పేపర్ చదివేవాణ్ని. తెర మీద విమానాల పట్టీ ఒకటొకటే పైకి జరుగుతుంటే చూసేవాణ్ని. అటు తర్వాత నులక మంచం మీద వాలేవాణ్ని. కొట్టంలో నన్ను పదకొండు మంది సాబ్ అనేవారు. ఇంట్లోకి పోతే ములక్కాడలు ఉండేవి.

అది మామిడికాయ పచ్చడి పెట్టే కాలం. పెద్ద జాడీ అటక మీద ఉంది. మంగళవారం నుంచి ఆమె అడుగుతోంది.

"జర ఆ జాడీ దించిపోరాదు?"

"డ్యూటీ దిగినంక."

ఐదింటికి గేటు తీసుకుని వచ్చాక అడిగితే, "పొద్దంత కూసొని నడుము పడిపోయింది, రేపు చూద్దాం" అనేవాణ్ని. అలా మూడు రోజులు.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు ఆమె స్టూలు ఎక్కింది. స్టూలు ఒరిగింది.

ఆ తర్వాత జరిగింది నేను ఊరంతా ఇలా చెప్పాను. ఆఫీసు ఫోను మోగింది. ఎత్తాను. "బండి కావాలె" అంది గొంతు. "ఎక్కడికి రావాలి?" అన్నాను. ఆమె చెప్పిన ఇల్లు మా ఇల్లు. గుండె ఝల్లుమన్నా గొంతు వణకనివ్వలేదు. నాలుగే నిమిషాల్లో గేటు ముందు కారు నిలబెట్టాను. నా రెండు చేతులతో ఆమెను ఎత్తుకుని తీసుకుపోయి కారులో కూర్చోబెట్టాను. ఇంత చెప్పాక కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఎత్తుకున్నానన్న చోట మాత్రం పక్కింటి ముసలాయన దగ్గాడు.

నిజానికి ఆ సమయానికి నేను కొట్టంలో మంచం మీద పడుకుని ఉన్నాను. చొక్కా విప్పి తలకింద పెట్టుకున్నాను. స్టూలు పడిన చప్పుడు వినలేదు, అది నిజం. కానీ "ఇగో... ఏందయ్యా..." అన్న పిలుపు విన్నాను. కాసేపటికి ఇంకోసారి విన్నాను. జాడీ కోసమే అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

డాక్టరుకు, మా బిడ్డకు, ఓనరుకు కూడా ఒకటే మాట చెప్పాను. పైనుంచి విమానం పోతోంది, వినపడలేదు అని. ఆ అరగంటలో ఏ విమానమూ లేదు. నా ఎదుట తెర మీద ఆ సంగతి రాసే ఉంది. మా ఊళ్లో అది నాకంటే బాగా తెలిసినవాడు ఎవడూ లేడు.

నేను పలకకపోయేసరికి ఆమె నేల మీద దేకుతూ గూటి దాకా పోయి నా సెల్‌ఫోను అందుకుంది. డ్యూటీలో ఉన్నవాణ్ని ఆఫీసు నంబరుకే పిలవాలి కదా. రోజుకు అరవైసార్లు నా నోట విన్న నంబరు, ఆమెకు కంఠతా వచ్చు. అదే చేసింది. రెండు దాటింది కాబట్టి ఓనరు దగ్గర మోగింది. తెర మీద నా పేరు చూసి అతను ఎత్తాడు. వాళ్లు మాట్లాడుకున్నది తర్వాత అతనే నాకు చెప్పాడు, తల వంచుకుని.

"చెప్పు బాపు, అప్పుడే నిద్ర లేచినవా?"

"బాపు గాదు బిడ్డా, నేను. కాలు ఇరిగినట్టుంది. ఆయన డ్యూటీల ఉన్నడు. జర లైన్ల పెట్టు."

"డ్యూటీల ఏడుండె అమ్మా? రెండింటికే దిగిండు. రోజూ రెండింటికే దిగుతడు గదా. ఇంటికి రాలే?"

ఆమె, "అట్లనా బిడ్డా. అయితే ఒక బండి పంపియ్యి," అందట.

గేటు దగ్గర హారన్ మోగితే మా డ్రైవరు ఎవడో నాతో పని ఉండి వచ్చాడనుకున్నాను. మంచం మీది నుంచి లేచి ఖాకీ చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, డ్యూటీ దిగినవాడిలా గల్లీలోంచి తిరిగి వచ్చాను. గేటు దగ్గర ఆమె ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఒక భుజం కింద డ్రైవరు, ఇంకో భుజం కింద పక్కింటి కోడలు. పాదం పక్కకు తిరిగి ఉంది.

ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసింది. చొక్కా చూసింది, డబ్బా చూసింది. నా చెంప మీద పడిన నులక అచ్చులు చూసింది.

డ్రైవరు అలవాటు కొద్దీ, "సాబ్, కస్టమర్ ఎక్కిందని ఓనరుకు చెప్పాల్నా, మీకు చెప్పాల్నా?" అన్నాడు.

"ఎవరికీ చెప్పకు, తోలు," అన్నాను.

దవాఖానలో చీలమండ విరిగిందన్నారు. ఆరు వారాలు పట్టీ. డాక్టరమ్మ కట్టు కడుతూ, "ఈ వయసులో స్టూల్ ఎందుకెక్కినవమ్మా? ఇంట్ల ఎవరు లేరా?" అని అడిగింది.

"ఉంటె దించకపోవునా? డ్యూటీకి పోయిండు," అంది మా ఇంటావిడ, గోడ వైపు చూస్తూ.

నా పక్కన నిలబడి డ్రైవరు పైకప్పు చూశాడు. నేను చెప్పుల వైపు చూశాను. ఆమె నా పరువు దవాఖాన దాకా కాపాడింది. ఇంటికి వచ్చాక నాతో మాట్లాడటం మానేసింది. నీళ్లు, మందు, కిటికీ అన్న మాటలే, అంతే. నేను ఆ సాయంత్రమే జాడీ దించాను. ఎవరూ అడగలేదు. కడిగి మంచం పక్కన పెట్టాను. ఆమె దాని వైపు చూడలేదు.

నలభై ఏళ్ల కాపురంలో నా గొప్పలు ఆమె ఎన్నో విన్నది. నవ్వుకుని వదిలేసేది. ఇది వేరు. నాకు భయం పట్టుకుంది. ఇకమీదట నేను ఏ మాట చెప్పినా ఆమె నా చెంప వైపే చూస్తుందని.

ఐదో రోజు నాకు తోచిన ఉపాయం చెప్పాను. "కంప్యూటర్ మళ్ల ముందరింట్లకు తెస్త. నీ మంచం పక్కనే కూసుంట. నువ్వు పిలిస్తే వెంటనే పలుకుత."

"వద్దు."

"మరెట్ల?"

"ఆడున్నప్పుడు ఆడుండు. ఈడున్నప్పుడు ఈడుండు. నేను అడిగింది గంతే. నువ్వు ఆడ లేవు, ఈడ లేవు. మంచంల ఉన్నవ్."

ఆమెకు మాట్లాడటానికి దారి దొరికినట్టుంది, ఆగలేదు.

"బస్టాండుల డ్రైవర్ బండి దిగితే ఎవరి తాన సంతకం చేస్తుండె?"

"నా తాన."

"నువ్వు దిగితే ఎవరి తాన చేస్తున్నవ్?"

"కొత్త రిజిస్టర్ తే," అంది. తెచ్చాను. "ఇయ్యాల్టి నుంచి రెండింటికి నా తానకు వచ్చి టైం రాయి. నేను సంతకం చేస్త." ఆమె మూడో తరగతి దాకా చదివింది. సంతకం నిదానంగా, ఒక్కొక్క అక్షరం కూర్చోబెట్టి చేస్తుంది.

అత్యవసరానికి గంట తాడు కట్టాం. బర్రె మెడలో ఉండిన గంట కొట్టంలో వేలాడదీసి, దాని తాడు పెరటి కిటికీలోంచి ఆమె మంచం కోడు దాకా తెచ్చాం. బస్సుల్లో లాగే, ఒక గంట అంటే ఆపు, వెంటనే రా. రెండు గంటలంటే అంతా బాగుంది, పోనీ. ఈ తాడు నా ఆలోచనే అని అందరికీ చెబుతాను. నేను చెప్పింది సెల్‌ఫోను.

"ఫోన్ చేస్తే నువ్వు ఎత్తాలె," అంది ఆమె. "గంటకు ఎత్తుడు లేదు. మోగుడే."

మొదటి రోజు నేను గేటు తీసుకుని వచ్చి, మంచం పక్కన నిలబడి, రిజిస్టర్లో 2.00 అని రాసి ఆమె ముందు పెట్టాను. ఆమె సంతకం చేయలేదు. గోడ గడియారం వైపు గడ్డం ఎత్తింది.

"గడియారం ఏం చెప్తుంది?"

"రెండూ ఇరవై."

"ఇరవై నిమిషాలు ఏం చేసినవ్?"

బొంబాయి విమానం లేటని నోటి దాకా వచ్చింది. ఆ విమానం వేళకే దిగింది. నా కార్లలో ఒకటి దానిమీద వచ్చినవాళ్లను ఎక్కించుకుని పోయింది కూడా.

"పల్లీలు తిన్న."

"దిద్దు."

కొట్టేసి 2.20 అని రాశాను. ముప్ఫై ఏళ్లు ఎందరు డ్రైవర్ల టైములు నేను ఇలా దిద్దించానో. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, నాలుక కొస బయటపెట్టి, సంతకం చేసింది.

"చొక్క ఇప్పి రా. ములక్కాడలు ఉన్నయ్. ఆ జాడీ కడిగినవా, ఊరికె నీళ్లు పోసి ఆరబెట్టినవా?"

"కడిగిన."

ఆమె నా చెంప వైపు చూసింది.

"నీళ్లు పోసిన," అన్నాను. మళ్లీ కడిగాను.

పట్టీ తీశాక కూడా సంతకం ఆగలేదు. జనం సెల్‌ఫోన్లో యాప్ నొక్కి కార్లు పిలుచుకోవడం మొదలయ్యేదాకా, అంటే ఓనరు వచ్చి "ఇగ చాలు బాపు" అనేదాకా ఆ పద్ధతే నడిచింది. కొట్టంలో ఇప్పుడు కోళ్లున్నాయి. రిజిస్టరు మాత్రం అటక మీద జాడీ పక్కనే పెట్టాను. అందులో ఒక్క అబద్ధమూ లేదని మా మనవరాలితో అన్నాను. ఆ పిల్ల దించి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూసింది.

"తాతా, గీ మూడు దినాలు 2.00 అని రాసినవ్, దిద్దలే. అవ్వ సంతకం లేదేంది?" అంది.